మొగం చూసి పెట్టే పేరు

హిందూపురం
జూన్ 14

స్వప్నకు,

ఈ ఉత్తరం ఇప్పుడే రాయవలసి రావడానికి కారణం మీ అత్తగారి కళ్ళు. హరీష్ మొన్న వాళ్ళమ్మను ధర్మవరం నుంచి మా కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. డాక్టరుగారు చూశారు, పరీక్షలు నేను చేశాను. కంటి లోపలి పొరలో నడిమి భాగం అరిగిపోతోంది. కుడికంటికి నడిమి చూపు లేదు, ఎడమకంటికి పోతూ ఉంది. చుట్టూ అంచు చూపు మిగులుతుంది కనుక ఆమె ఇంట్లో తిరుగుతుంది, వండుకుంటుంది. సూటిగా చూసిన చోట మాత్రం ఒక మసక మచ్చ నిలుస్తుంది. మనం సూటిగా చూసేవి ముఖాలే. ఎడమకంటి చూపు ఎంతకాలం ఆగుతుందని హరీష్ అడిగాడు. నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు, హామీ ఇవ్వలేమని డాక్టరుగారు చెప్పారు.

పరీక్ష కుర్చీలో కూర్చుని అంజనమ్మ పెద్దమ్మ తన కంటి సంగతి ఒక్కటీ అడగలేదు. పాప సంగతే అడిగింది. "మా ఇండ్లల్లో అవ్వ మొగం సూసి పేరు పెట్టాల. సూడకుండా పెడితే ఆ పేరు బిడ్డకి అతకదు," అంది. మీ మామగారు పోయి ఏడాది కాలేదు కాబట్టి కార్తీకం దాటేవరకు బాలింత ఇంటి గడప తొక్కనని కూడా అంది. పాప నెలలు నిండకుండా పుట్టింది, మూడో నెల దాటితే గానీ ప్రయాణం వద్దని మీ పిల్లల డాక్టరు చెప్పారు. ఆమె పెనుకొండలో మీ పుట్టింటికి రాదు, పాప ధర్మవరం పోదు. మిగిలిన దారి వీడియో. అందుకని వెలుతురు గురించి రాస్తున్నాను.

ఫ్లాష్ వాడవద్దు. వేడెక్కే దీపం ఏదీ పాప దగ్గర పెట్టవద్దు. అన్నిటికన్నా మంచి దీపం కిటికీ. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర పడుకోబెట్టి, వెలుతురు మరీ గట్టిగా ఉంటే పలుచని తెల్లపంచె అడ్డం కట్టండి. వెలుతురు తలవైపు నుంచి ఏటవాలుగా రావాలి; అప్పుడు ముక్కు కింద, పెదవి కింద చిన్న నీడ పడి ముఖానికి ఆకారం వస్తుంది. కాళ్ళవైపు నుంచి వస్తే నీడలు పైకి పాకి పాప మనకే కొత్తగా కనిపిస్తుంది. కిటికీ వెలుతురులో తీసేటప్పుడు గదిలో బల్బులు ఆర్పేయండి. రెండు రంగుల వెలుతురు కలిస్తే ఒక చెంప పసుపుగా, ఒక చెంప నీలంగా వస్తుంది. ఇంకొక మాట, ఇది వీడియో కోసం కాదు: రోజూ ఒకసారి పాప ఒళ్ళు పగటి వెలుతురులో చూడు. పసుపు బల్బు కింద కామెర్లు కనబడవు.

పెళ్ళిళ్ళకు లైట్లు కట్టే మా తమ్ముడు అయాజ్ ఇదంతా విని, "రెండు ఫోకస్ లైట్లు పంపిస్తా ఆపా, పాప పెండ్లికూతురు మాదిరి మెరుస్తాది," అన్నాడు. పెండ్లికూతురు కళ్ళు మూసుకుని ఓర్చుకుంటుంది, పాప ఓర్చుకోదని చెప్పి వద్దన్నాను.

బాలింత ఫోను చూస్తే కళ్ళు లాగుతాయని మీ అమ్మగారు నీ ఫోను బీరువాలో పెట్టారట కదా. కాబట్టి ఇది కాగితం మీద, హరీష్ చేతికి.

సబీనా


పెనుకొండ
జూన్ 28

సబీనాకు,

హాస్టల్లో మన గదిలో దీపానికీ పుస్తకానికీ మధ్య జానలు కొలిచి కూర్చోబెట్టేదానివి. పదేళ్ళయినా నీ కొలతలు పోలేదు. ఉత్తరం చదివి నవ్వుకున్నాను, తరువాత అత్త కళ్ళ సంగతి దగ్గర ఆగిపోయాను. చూపు తగ్గిందని హరీష్ చెప్పాడు గానీ ఇంత అని చెప్పలేదు. రాయడం కూడా కంటికి శ్రమే కదా అని నేను అమ్మను అడగలేదు. అడిగితే ఈ పెన్ను కూడా బీరువాలోకి పోతుంది.

మంచిమాట ముందు చెబుతాను. వీడియో తీశాం, అత్త చూసింది.

నువ్వు చెప్పిన కిటికీ కుదరలేదు. పురిటి గదికి ఉన్నది ఒకటే కిటికీ. గాలి సోకుతుందని అమ్మ దాన్ని మూసి, సందుల్లో పాతచీర ముక్కలు కుక్కింది. తెరవమంటే, "నీ స్నేహితురాలు కండ్ల డాక్టరమ్మ, చెవులకి గాలి కొడితే ఆయమ్మ వచ్చి చూస్తుందా," అంది. హరీష్ ధర్మవరం నుంచి ఒక గుండ్రటి లైటు తెచ్చాడు. చీరల వ్యాపారులు వీడియోలు తీసేటప్పుడు ఎదురుగా నిలబెట్టుకుంటారే, మధ్యలో ఫోను పెట్టేది, అదే. పాప నీళ్ళు పోసుకున్నాక గానీ నెమ్మదిగా ఉండదు. అందుకని నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, మీ అమ్మ రోషన్‌బీ గారు కుట్టి పంపిన ఎర్ర టోపీ చెవులు మూసేదాకా లాగి, తెల్లపంచెలో చుట్టి, ఆ లైటు ఎదురుగా పెట్టి తీశాం. ఫోను హరీష్ పట్టుకున్నాడు. గది గోడలు పచ్చరంగు కదా, కానీ వీడియోలో అంతా తెల్లగా, పాల మాదిరి వచ్చింది. అమ్మకు కూడా నచ్చింది, పైకి చెప్పదు.

హరీష్ దాన్ని ధర్మవరంలో ఇంటి టీవీకి పెట్టి చూపించాడట. అత్త టీవీకి దగ్గరగా స్టూలు వేసుకుని రెండుసార్లు చూసి, "ఎంత చక్కని పిల్ల. తలనిండా జుట్టు, నిండుగా ఉండాది," అందట. పేరు ఏమనుకున్నావమ్మా అని హరీష్ అడిగితే, తొందరేముంది, ఇంకొకసారి చూసి చెబుతానందట. ఒక్క చూపైనా దక్కింది కదా ఆమెకు.

ఆ వీడియో హరీష్ నీకూ పంపుతాడు. నీ లెక్క ప్రకారం లేదని కోప్పడవద్దు.

స్వప్న


హిందూపురం
జూలై 6

స్వప్నకు,

వీడియో చూశాను. పాప ఆరోగ్యంగా ఉంది, ఒంటి రంగు మాత్రం ఆ లైటు కింద చెప్పలేను.

దయచేసి మళ్ళీ తీయండి. సాంబ్రాణి పొగ గదిలో నిలిచి ఉండటం వల్ల వెలుతురు పొగమీద పడి చిత్రమంతా పలుచబడింది. లైటు ఎదురుగా ఉండటం వల్ల నీడలు లేవు. తెల్లపంచె, తెల్లవెలుతురు, వెనక పరుపుమీద తెల్లదుప్పటి. వేటికవి విడిగా కనిపించడం కష్టం. కిటికీ ఒక్క పావుగంట తెరవడానికి మీ అమ్మగారిని ఒప్పించు. పాపను గాలికి దూరంగా ఉంచవచ్చు. వెలుతురు గాలికన్నా లోపలికి వస్తుంది.

పాత వీడియో పెద్దమ్మకు ఇంక చూపించవద్దని హరీష్‌కు చెప్పాను.

సబీనా


పెనుకొండ
జూలై 13

సబీనాకు,

నీ ఉత్తరం మందుల చీటీ మాదిరి ఉంది. ఎలా ఉన్నావే అని కూడా లేదు.

చూడవలసిన మనిషి చూసి సంతోషపడింది. ఆ సంతోషాన్ని ఎందుకు ఆపించావు? ఆ వీడియో ఎందుకు పెట్టడం లేదని అత్త అడిగితే ఏం చెప్పాలో తెలియక ఫోను చెడిపోయిందన్నాడట హరీష్. పొగ ఉందంటావు, నీడ లేదంటావు, దుప్పటి తెల్లగా ఉందంటావు. ఇది పోటీకి పంపే ఫోటో కాదు. ఒక అవ్వ తన మనవరాలిని చూసుకోవడానికి తీసింది.

అమ్మతో కిటికీ మాట మళ్ళీ ఎత్తాను. ఊరికూరికే బొమ్మ తీస్తే దిష్టి తగులుతుంది, ఒకసారి తీశారు చాలు అంది. నీ తరఫున పోట్లాడటానికి నా దగ్గర కారణం లేదు. నీ దగ్గర ఉంటే చెప్పు. నువ్వు ఊరికే ఒక పని రెండోసారి చేయమనవు. ఏదో దాచిపెట్టి పంచె గురించీ పొగ గురించీ రాస్తున్నావని నాకు అనిపిస్తోంది. హాస్టల్లో కూడా అంతే, చెప్పడానికి కష్టమైన మాట ఉంటే దీపం సర్దేదానివి.

పాప నిన్న నవ్వింది. నిద్రలోనే అనుకో. అయినా రాయకుండా ఉండలేకపోయాను, నీమీద కోపంలో కూడా.

స్వప్న


హిందూపురం
జూలై 22

స్వప్నకు,

నువ్వు అనుకున్నది నిజం. దాచాను. పెద్దమ్మను అడగకుండా చెప్పడం సరికాదనిపించి ఆగాను. ఇప్పుడు అడిగాను.

వీడియోలో పాప తలమీద ఎర్ర టోపీ చెవులదాకా ఉంది. ఒక్క వెంట్రుక కూడా బయటికి లేదు. పెద్దమ్మ తలనిండా జుట్టు చూశానంది. ఆ మాట నీ ఉత్తరంలో చదివినప్పుడే నాకు అర్థమైంది. పేరు అడిగితే తొందరేముందని తప్పించుకుందన్నది చదివి ఇంకా రూఢి అయింది.

మంగళవారం ధర్మవరంలో మా ఆసుపత్రి శిబిరం జరిగింది. అది ముగిశాక మీ ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ మగ్గానికి పట్టుపోగుల కండెలు చుడుతోంది. ఆ పనికి ఆమెకు కళ్ళు అక్కర్లేదు. కాఫీ తాగాక, పాప టోపీ ఏ రంగుదని అడిగాను. కండె ఆగింది. "టోపీ యాడుండాది?" అంది. కాసేపటికి తనే నవ్వింది.

"తెల్లగా ఏదో మెదిలింది సబీనా. అదే బిడ్డనుకున్నా. పుట్టిన బిడ్డకి జుట్టు ఉందంటే ఎవురు కాదంటారు?"

కనబడలేదని చెప్పి ఉండవచ్చు కదా అన్నాను. "కనపడలేదంటే ఆ పిల్ల పురిటి మంచంమింద ఏడుస్తాది. బాలింత ఏడిస్తే పాలు ఇంకిపోతాయి. నా చూపు ఎట్లాగూ పోతాంది. దాని పాలు ఎందుకు పోవాల?" అంది. నీకు చెప్పవలసి వస్తుందని నేను అన్నాను. చెప్పు గానీ కోపం చేసుకోవద్దని కూడా చెప్పు అంది. రెండూ చెప్పాను.

స్వప్నా, ఏడుపు వల్ల పాలు పోవు, ఏడవాలనిపిస్తే ఏడువు. తరువాత ఈ కింది సంగతి చదువు, ఎందుకంటే ఇంకా చేయగలిగింది ఉంది.

సూటి చూపు పోయినవాళ్ళు పక్కకు చూసి చూడటం నేర్చుకోవచ్చు. ముఖం కావాలంటే చెవివైపు చూడాలి. అప్పుడు ముఖం అంచు చూపులోకి వస్తుంది. ఆ రోజే మొదలుపెట్టాను. గోడమీది మీ మామగారి ఫోటోను గురిగా పెట్టి, తలపాగా కింద ఆయన చెవి ఉండే చోటు వంక చూడమన్నాను. పెద్దమ్మ అంది: "వంకర చూపులు చూడద్దని మా అత్త తిట్టి తిట్టి మాన్పించింది. ఇప్పుడు నువ్వు నేర్పిస్తాండావు. ఆయమ్మ ఉంటే నిన్నూ కలిపి తిట్టుండేది." రోజూ కాసేపు అభ్యాసం చేస్తానని మాట ఇచ్చింది.

అంచు చూపుకు సన్నని వివరాలు అందవు. దానికి పెద్ద తేడాలు కావాలి: వెలుగు పక్కన నీడ, లేతరంగు వెనక ముదురు రంగు. నేను మొదట రాసినవి చూపున్నవాళ్ళకు సరిపోయే మాటలు. ఆమె చూపుకు తగినట్లు రాయకపోవడం నా లోపం, ఇప్పుడు సరిచేస్తాను. గుండ్రటి లైటు తీసేయండి. వెలుతురు కిటికీ నుంచి, ఒకే పక్క నుంచి రానివ్వండి. రెండో చెంప నీడలో ఉంటే ఉండనీ. వెనక తెల్లదుప్పటి బదులు నల్ల కంబళి వేలాడదీయండి. పట్టుచీర వద్దు, అది మెరుస్తుంది. కంబళి వెలుతురును మింగేస్తుంది. అది పాపకు తగలనివ్వవద్దు, ఒళ్ళు గీరుకుంటుంది. కిటికీకి ఎదురు గోడమీది పచ్చరంగు పాప చెంపమీద పడకుండా అక్కడొక తెల్లపంచె కట్టండి. టోపీ తీసేయండి. సాంబ్రాణి తరువాత వేయండి. చెంపమీద దిష్టిచుక్క పెద్దదిగా పెట్టమని మీ అమ్మగారికి నా మాటగా చెప్పు. కంట్లో కాటుక మాత్రం వద్దు.

ఎలా ఉన్నావే? ముందే అడగవలసింది.

సబీనా


పెనుకొండ
ఆగస్టు 17

సబీనాకు,

ఏడ్చాను. పాలు పోలేదు. ఈ సంగతి అత్తకు హరీష్ ద్వారా కబురు పంపాను.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. తలనిండా జుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి వంటింట్లోకి పోయింది. తిరిగి వచ్చి కిటికీ సందుల్లో గుడ్డముక్కలు ఒక్కొక్కటే లాగింది. దిష్టిచుక్క పెద్దదిగా పెట్టమన్నావని చెబితే, "తురకల పిల్లయినా ఆయమ్మకి తెలుసు, నీకు తెలీదు," అని నన్ను తిట్టింది. కంబళి చిలమత్తూరు గొర్రెలవాళ్ళ దగ్గర మా నాయన ఎప్పుడో కొన్నది. ఎండలో ఆరేసి మేకుకు కట్టింది కూడా అమ్మే.

పాపను ఒళ్ళో పెట్టుకుని కిటికీకి పక్కగా కూర్చున్నాను. హరీష్ తీశాడు. సబీనా, నేను రోజంతా చూసే ముఖమే అది. అయినా ఆ వెలుతురులో నల్లకంబళి ముందు చూస్తే, నాకు తెలియనివి కనిపించాయి. పై పెదవి కొంచెం ముందుకు ఉంటుంది. కుడిచెవి కొస లోపలికి మడత పడి ఉంటుంది. అది ఇన్నాళ్ళూ టోపీ కింద ఉంది, ట్యూబులైటు కింద నేను గమనించలేదు.

అత్త ఈసారి నిజం చెప్పింది. "చుక్క కనపడింది. చుక్క పక్కన చెంప కనపడింది. మొగం ఇంకా రాలేదు," అందట. టీవీ తెర వెలుగుకు కళ్ళు చెదురుతున్నాయని కూడా అందట. హరీష్ ఇది చెబుతూ దిగులుపడ్డాడు. నాకు మాత్రం ఆమె మాట దాచకుండా చెప్పినందుకు ధైర్యం వచ్చింది.

పాపకు ఇక ప్రయాణం చేయించవచ్చని పిల్లల డాక్టరు చెప్పారు, సెప్టెంబరు రానివ్వమన్నారు. అమ్మ ఒప్పుకోదనుకుని నాలుగు రోజులు ఊరుకున్నాను. చివరికి నసిగాను. అమ్మ బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అంది: "ఏడాది కాలేదు, ఆమె పురిటింటికి రాకూడదు. బిడ్డ అవ్వ దగ్గరికి పోకూడదని యాడుండాది?"

ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఇన్నాళ్ళూ మీరు ఫోనులోనే పేరు పెట్టించేస్తాండారు కదా," అంది.

నువ్వు ముందుగా ఒకసారి ధర్మవరం ఇంటికి వెళ్ళి వెలుతురు చూడాలి. వీడియోకు చూసినట్లే చూడు. ఈసారి తెర మధ్యలో ఉండదు.

స్వప్న


హిందూపురం
సెప్టెంబరు 3

స్వప్నకు,

వెళ్ళి చూశాను. మగ్గం ఉన్న గదిలో ఉత్తరపు కిటికీ ఉంది. ఉదయం తొమ్మిది దాటాక వెలుతురు నిలకడగా ఉంటుంది, ఎండ పడదు. మగ్గం మీద నిలువు పోగుల పట్టు పడుగు సాగదీసి ఉంది. దాని మెరుపు పెద్దమ్మ కంటికి అడ్డం వస్తుంది. ఆ పూటకు దుప్పటి కప్పమని హరీష్‌కు చెప్పాను. మగ్గం పైనున్న ట్యూబులైటు ఆర్పాలి. మీ నాయన కంబళి తీసుకురా. పెద్దమ్మ తన నీడ పాపమీద పడకుండా కిటికీకి ఏటవాలుగా వీపు పెట్టి కూర్చోవాలి, నువ్వు పాపను ఆమె ఒళ్ళో కిటికీవైపు తల ఉండేలా పెట్టాలి. కంబళి పాప అవతల, స్టూలు మీద.

పెద్దమ్మ అభ్యాసం మానలేదు. ఫోటోలో మీ మామగారి మీసాన్ని చూపుతో పట్టుకుంటోంది. మీసం దట్టంగా ఉంటుంది కాబట్టి అది పెద్ద విజయమని నేను చెప్పను. ఎడమకన్ను మొన్నటికన్నా తగ్గింది. ఇది నీకు తెలిసే రావాలి.

పాత బాకీ ఉన్నట్లు అయాజ్ మళ్ళీ ఒక లైటు ఇచ్చాడు, మబ్బు పడితే పనికివస్తుందని. దానికి తెల్లగుడ్డ తొడిగి మెత్తబరిచాను. అవసరం పడకూడదని కోరుకుంటున్నాను. ఆ ఉదయం నేనూ ఉంటాను. ఫోను నేను పట్టుకుంటాను. ఈసారి ఇద్దరినీ కలిపి తీస్తాను.

సబీనా


ధర్మవరం
సెప్టెంబరు 15

సబీనాకు,

నిన్న నువ్వు రైలు కోసం తొందరలో వెళ్ళిపోయావు. నువ్వు కిటికీ మూల నుంచి తీస్తున్నావు కనుక అత్త మెల్లగా అన్న మాటలు నీకు వినిపించాయో లేదో తెలియదు. రాస్తున్నాను.

పాపను ఒళ్ళో పెట్టగానే అత్త ఆ మొగంమీదికి వంగింది. తల కొంచెం పక్కకు తిప్పింది, నువ్వు నేర్పినట్లు. పాప ఆమె చీర అంచును చూస్తోంది. తరువాత అత్త, "కుడిచెవి కొస మడిచినట్లుండాది. మా ఆయనది అచ్చం ఇట్లే," అంది. మామగారి చెవి సంగతి హరీష్‌కు కూడా తెలియదు. ఆయన ఎప్పుడూ చెవులు మూసేలా తలపాగా చుట్టేవారు, ఫోటోలో కూడా అంతే. ఆ మడత గురించి ఆమెకు ఎవరమూ చెప్పలేదు, నీకు తప్ప ఎవరికీ రాయలేదు.

ఇంకొంచెం సేపటికి, "ధరణి," అంది. అంతే. హరీష్ లేచి బయటికి వెళ్ళాడు. అమ్మ దిష్టిచుక్క సరిచేసే నెపంతో వంగి, అత్త చేతిని ఒకసారి పట్టుకుని వదిలింది. వాళ్ళిద్దరూ పెళ్ళి నాటి నుంచి అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడలేదు.

రాత్రంతా ఆలోచించాను. ఒకసారి తలనిండా జుట్టు అన్న మనిషి ఆమె. నన్ను ఏడిపించకూడదని అబద్ధమాడిన మనిషి. ఆమెను నేను అడగలేను, అడిగితే మళ్ళీ నాకు నచ్చేదే చెబుతుంది. నీ ఫోనులో అంతా ఉంది, కళ్ళ సంగతి నీకు తెలుసు. చూసి చెప్పు. మా అత్త ధరణి మొగం చూసిందా?

స్వప్న


హిందూపురం
సెప్టెంబరు 24

స్వప్నకు,

వీడియో చాలాసార్లు చూశాను. ముందు నాకు ఖచ్చితంగా తెలిసినవి చెబుతాను. వెలుతురు బాగుంది. మబ్బు రాలేదు, అయాజ్ లైటు సంచిలోనే ఉండిపోయింది. ధరణి ఒంటి రంగు ఉన్నది ఉన్నట్లు వచ్చింది. చెవి మడత, పై పెదవి, చెంపమీద చుక్క అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. అంచు చూపు మాత్రమే ఉన్న కంటికి ఇంతకన్నా మంచి వెలుతురు ఎలా ఇవ్వాలో నాకు తెలియదు.

పెద్దమ్మ చూపు పాప చెవికి కాస్త అవతల నిలిచింది. అది సరైన చోటు. అక్కడ చూపు నిలిపినవాళ్ళకు ముఖం అందే అవకాశం ఉంది. అయితే అదే క్షణంలో ఆమె బొటనవేలు చెవి కొసమీదికి వెళ్ళింది. చూపు ముందు వెళ్ళిందా, వేలు ముందు వెళ్ళిందా అని వీడియోను నెమ్మదిగా నడిపి చూశాను. రెండూ కలిసే కదిలాయి. నలభై ఏళ్ళు పడుగు పోగులు అతికిన చెయ్యి అది. పట్టు పోగు తెగిన చోటును తడిమి పట్టుకోగల వేలికి చెవి మడత తెలియడం కష్టం కాదు.

నెలాఖరున ఆమె మళ్ళీ పరీక్షకు వస్తుంది. అప్పుడు పాప గురించి నాలుగు ప్రశ్నలు వేసి తేల్చుకోవచ్చు, టోపీ రంగు అడిగినట్లు. అడగకూడదని నిర్ణయించుకున్నాను. ఆమె కంటి వైద్యానికి ఆ జవాబు అవసరం లేదు. పేరు పెట్టిన మనిషిని పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్న కూడా కాదు.

వీడియో హరీష్‌కు పంపాను. ధరణికి ఇస్తాడు, పెద్దయ్యాక. మా అమ్మ ఇంకొక టోపీ కుట్టింది, ఈసారి చెవులు బయటికి ఉండేలా.

నువ్వు అడిగినదానికి జవాబు ఇది. మీ అత్తగారు ధరణి ముఖాన్ని చూసి పేరు పెట్టారో, తడిమి పెట్టారో నాకు తెలియదు.

సబీనా